అమ్మ ఉపవాసాలు, రక్షణ పోతుందన్న భయం

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాన్న పోయి రెండేళ్లు. అప్పటినుంచి అమ్మ (61) వారానికి రెండు రోజులు ఉపవాసం ఉంటోంది, రాత్రంతా ప్రార్థనలు చేస్తోంది. షుగరుకి ఇన్సులిన్ వేసుకుంటుంది. మొన్న ప్రార్థన కూటంలో కళ్లు తిరిగి పడిపోయింది. గొలుసు తాకట్టు పెట్టి కానుక ఇచ్చింది. ‘నా విశ్వాసం చాలకే మీ నాన్న పోయారు, నా రక్షణ కూడా పోతుందేమో’ అని ఏడుస్తుంది. నా భార్య హిందువుల పిల్ల, బాప్తిస్మం తీసుకోలేదు. ఇంటికి కీడు ఆమె వల్లేనని కూడా అంటోంది. ఇదంతా పిచ్చి అని గట్టిగా అరిచాను. అమ్మను మందిరానికి పంపడం మానిపించాలా?

జవాబు: మానిపించకండి. ఆమెకు మిగిలిన మనుషులు అక్కడే ఉన్నారు. కానీ ముందు ఇన్సులిన్ సంగతి చూడాలి. ఇన్సులిన్ వేసుకుని అన్నం తినకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లో గ్లూకోజో తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఈ వారంలోనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి ఉపవాసాల సంగతి దాచకుండా చెప్పండి. సొంతంగా మాత్రం ఇన్సులిన్ తగ్గించనివ్వకండి.

ఇక ఆమె భయం. దాన్ని పిచ్చి అంటే ఆమె మీకు చెప్పడం మానేస్తారు, భయం మాత్రం పోదు. అది భక్తిలో పుట్టిన భయం కాబట్టి జవాబు కూడా ఆమె నమ్మే వాక్యంలోంచే రావాలి. ఆ జవాబు అక్కడ ఉంది కూడా.

క్రైస్తవ విశ్వాసంలో రక్షణ అంటే పాపం నుంచి విడుదల, అది దేవుడు ఉచితంగా ఇచ్చేది. క్రీస్తు సిలువ మీద చేసినదాని వల్ల అది దొరుకుతుంది, మనిషి చేయి చాచి పుచ్చుకుంటాడు. ‘ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే’ అని బైబిల్లోని ఎఫెసీ పత్రిక (ఎఫెసు సంఘానికి పౌలు రాసిన ఉత్తరం) రెండో అధ్యాయంలో ఉంది. మీ అమ్మగారికి ఈ మాట కంఠతా వచ్చే ఉంటుంది. కానీ నాన్నగారు పోయిన దుఃఖంలో విశ్వాసమే ఇంకో పని అయిపోయింది. ఎంత గట్టిగా నమ్మితే అంత ఫలితం, తగ్గితే శిక్ష అన్న లెక్కలో పడిపోయారు. కానుక, ఉపవాసం, కన్నీళ్లు అన్నీ ఆ లెక్కలో జమ కట్టుకుంటున్నారు. ఆ లెక్క ఎప్పటికీ తేలదు, అందుకే నిద్ర పట్టదు. 1505లో జర్మనీలోని ఎర్ఫర్ట్ మఠంలో చేరిన, తర్వాత ప్రొటెస్టెంటు ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ కూడా ఇలాగే ఉపవాసాలతో ఒళ్లు చెడగొట్టుకున్నాడు, చెప్పుకున్న పాపాలే మళ్లీ మళ్లీ చెప్పుకున్నాడు, అయినా శాంతి దొరకలేదు. నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును అన్న రోమా పత్రిక మాట దగ్గర అతనికి ఊపిరి అందింది.

కాబట్టి మన పట్టు ఎంత గట్టిది అన్నదాని మీద రక్షణ ఆధారపడదు. పట్టుకున్నది ఎవరిని అన్నదే లెక్క. మార్కు సువార్తలో మూర్ఛ వచ్చే కొడుకును తెచ్చిన తండ్రి ‘నమ్ముచున్నాను, నా కపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అని ఏడ్చాడు. సగం నమ్మకం, సగం భయం. నీకు చాలినంత విశ్వాసం లేదు పొమ్మని యేసు అనలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. యేసు పక్క సిలువ మీది దొంగకు ఉపవాసం ఉండే వీలు లేదు, కానుక ఇవ్వడానికి చేతులు కూడా ఖాళీగా లేవు. తనను జ్ఞాపకం చేసుకోమని యేసును అడిగాడు, ఆ రోజే పరదైసు (పరలోకం) దొరికింది.

నాన్నగారి విషయంలో ఇంకా మెల్లగా మాట్లాడండి, ఎందుకంటే అసలు గాయం అదే. అపొస్తలుడైన పౌలు కంటే విశ్వాసం ఉన్నవాడెవరు? ఆయన తన తోటి పనివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతు పట్టణంలో విడిచి వచ్చానని తన శిష్యుడు తిమోతికి రాశాడు. తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు ‘నా కృప నీకు చాలును’. భార్య విశ్వాసం తక్కువైతే భర్త చనిపోతాడని బైబిల్లో ఎక్కడా లేదు. ఆమెతో ఆ మాట ఎవరైనా అని ఉంటే చాలా పెద్ద తప్పు చేశారు.

‘క్రియలు లేని విశ్వాసం మృతం’ అని యాకోబు పత్రిక చూపిస్తారు, సిద్ధంగా ఉండండి. అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్నది ఆదికాండము 15లో ఉంది. కొడుకు ఇస్సాకును బలిపీఠం దగ్గరకు తీసుకెళ్లింది 22లో. పౌలు మొదటిదాన్ని పట్టుకున్నాడు, యాకోబు రెండోదాన్ని చూపించాడు. వరస ముఖ్యం. మన డెల్టాలో ఎవరికైనా తెలుసు, ధవళేశ్వరం నుంచి కాలువకు నీరు వస్తేనే చేను పండుతుంది. చేను పండిందని మెచ్చి నీరు రాదు. మంచి పనులు రక్షణ వెనకాల వస్తాయి.

కానుక విషయంలో, తనకున్నదంతా ఇచ్చేసిన బీద విధవరాలి రెండు కాసుల కథ చెబుతారు. అదే మార్కు 12లో, ఆ కథకు సరిగ్గా ముందు, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల (ధర్మశాస్త్రం బోధించే పండితుల) గురించి యేసు హెచ్చరించాడు. రెండూ కలిపి చదవమనండి. 1836లో మన దేశం వచ్చి, తర్వాత నరసాపురం, పాలకొల్లుల్లో సువార్త చెప్పిన ఇంగ్లండు మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ మాటలు విని నమ్మినవాళ్లలో ఎక్కువమంది కూలి చేసుకు బతికేవాళ్లు. వాళ్ల దగ్గర తాకట్టు పెట్టడానికి ఏముంది? ఏమీ లేనివాళ్లనే దేవుడు పిలిచాడన్న సంతోషంతోనే ఇక్కడి సంఘాలు నిలిచాయి. గొలుసు మీరు విడిపించండి, దెప్పకుండా ఆమె చేతికి ఇవ్వండి.

మీ భార్య మీద పడే మాటల్ని మాత్రం అప్పటికప్పుడు, ఆవిడ ముందే ఆపండి. ఇది భార్యాభర్తలిద్దరూ కలిసి పడాల్సిన భారం కాదు, కొడుకుగా మీరు మాట్లాడాల్సింది. బాప్తిస్మం భయపెట్టి తీసుకోబెట్టేది కాదని మీ అమ్మగారికీ తెలుసు.

ఇవన్నీ మీరు ఒక్కరే చెబితే వాదనలా ఉంటుంది. పాస్టరుగారిని, వీలైతే పాస్టరమ్మగారిని ఇంటికి పిలిచి, కళ్లు తిరిగి పడిపోయిన సంగతి, డాక్టరు చెప్పిన మాట ముందే వాళ్లకు చెప్పండి. అన్నం తిని ప్రార్థన చేసుకోమ్మా అని వాళ్లు అంటే ఆమె వింటారు. వాళ్లే ఇంకా ఉపవాసాలు, ఇంకా కానుకలు అడిగే రకమైతే ఆ కూటాలు మార్చండి, మందిరమే మానిపించనక్కర్లేదు. నెల దాటినా నిద్ర లేకపోయినా, పాపాలు తిరిగి తిరిగి ఒప్పుకుంటూ వణుకుతున్నా, చచ్చిపోతే బాగుండు అన్నా మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మందు వేసుకోవడం విశ్వాసం తగ్గడం కాదు, సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే అని ఆమెకు గుర్తు చేయండి.

ఈ వారం ఉపవాసం రోజున ఇంకో పని చేయండి. ఆమెతో పాటు మీరూ ప్రార్థనకు కూర్చుని, అయ్యాక ఇద్దరూ కలిసి అన్నం తినండి. నాన్నగారి గురించి ఆమె చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి.