సబ్‌టైటిల్ మారినా స్క్రిప్ట్‌కి తెలియడం లేదా?

ప్రశ్న: వీడియోకి రెండు భాషల సబ్‌టైటిల్ ట్రాక్‌లు పెట్టాను. చూసేవాళ్లు ప్లేయర్ మెనూలో భాష మారిస్తే, పేజీలో నేను పెట్టిన బటన్ మీద కూడా ఆ భాష పేరు రావాలి. వీడియో ఎలిమెంట్‌కి ‘చేంజ్’ లిజనర్ (ఆ ఈవెంట్ వస్తే నడిచే ఫంక్షన్, అంటే హ్యాండ్లర్) తగిలించాను. ఒక్కసారి కూడా పలకలేదు.

జవాబు: లిజనర్ పెట్టాల్సింది వీడియోకి కాదు, దాని ‘టెక్స్ట్‌ట్రాక్స్’ అనే జాబితాకి. ‘చేంజ్’ పుట్టేది ఆ జాబితా మీదే. అది డామ్ చెట్టులో (పేజీ ఎలిమెంట్ల అమరికలో) భాగం కాదు, ఆ ఈవెంట్ బబుల్ కూడా కాదు, అంటే పై ఎలిమెంట్లకి పాకదు. అందుకే వీడియో దాకా రాదు.

లిజనర్ అక్కడికి మార్చాక ‘ఈవెంట్.ట్రాక్’ చదవబోతారు. అందులో ఏమీ ఉండదు. ట్రాక్‌ని వెంటపెట్టుకొచ్చేవి ‘యాడ్‌ట్రాక్’, ‘రిమూవ్‌ట్రాక్’ మాత్రమే. ‘చేంజ్’ చెప్పేది ఏదో ట్రాక్ మోడ్ (చూపించాలా, దాచాలా, ఆపేయాలా అనే స్థితి) మారిందని, అంతే. ఏది మారిందో మీరే వెతుక్కోవాలి: 0 నుంచి ‘లెంగ్త్’ దాకా లూప్ తిప్పి, ‘కైండ్’ సబ్‌టైటిల్స్ లేదా క్యాప్షన్స్ అయ్యుండి, ‘మోడ్’ విలువ ‘షోయింగ్’ అయినదాని ‘లేబుల్’ తీసుకోండి. ఏదీ దొరక్కపోతే సబ్‌టైటిల్స్ ఆపేశారన్నమాట. ఇది మామూలు అర్రే కాదు కాబట్టి ‘ఫర్‌ఈచ్’ నేరుగా పనిచేయదు. ‘అర్రే.ఫ్రమ్’తో మార్చుకోండి, లేదా ‘ఫర్-ఆఫ్’ వాడండి.

భాష మార్చినప్పుడు పాత ట్రాక్ ఆగి కొత్తది మొదలవుతుంది. అంటే మారేవి రెండు మోడ్‌లు, అయినా వెంటవెంటనే మారితే బ్రౌజర్ రెండింటికీ కలిపి ఒకే ఈవెంట్ పంపుతుంది. అదీ కాస్త ఆగి వస్తుంది. స్క్రిప్ట్‌లో మోడ్ మార్చిన మరుసటి లైన్‌కే హ్యాండ్లర్ నడిచేసి ఉంటుందనుకోకండి.

మీ స్క్రిప్ట్ చేసిన మార్పుకీ ఈ ఈవెంట్ వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. చాలామంది హ్యాండ్లర్ లోపలే అన్ని ట్రాక్‌లనీ ‘డిజేబుల్డ్’ చేసి, కావాల్సినదాన్ని తిరిగి ‘షోయింగ్’ చేస్తారు. చివరికి స్థితి మొదట్లాగే ఉన్నా, మధ్యలో విలువ మారింది కదా! మళ్లీ ఈవెంట్, మళ్లీ హ్యాండ్లర్, ఇక ఆగదు. ఉన్న విలువ, కావాల్సిన విలువ వేరైతేనే రాయండి. అదే విలువ మళ్లీ రాస్తే ఈవెంట్ రాదు.

పేజీ తెరిచినప్పుడు మాత్రం ఈవెంట్ కోసం ఎదురుచూడకుండా, బటన్ పేరు రాసే ఫంక్షన్‌ని మీరే ఒకసారి పిలవండి.

ప్రశ్న: మెటాడేటా ట్రాక్‌లో (తెర మీద చూపడానికి కాక స్క్రిప్ట్ చదవడానికి పెట్టేది) ‘క్యూచేంజ్’ రావడం లేదు. ‘క్యూస్’ (క్యూల జాబితా; క్యూ అంటే ట్రాక్‌లో ఫలానా సమయానికి కట్టిన ముక్క) చూస్తే నల్, అంటే ఏమీ లేదు అని వస్తోంది.

జవాబు: ట్రాక్ ‘డిజేబుల్డ్’ మోడ్‌లో ఉంది. ఆ మోడ్‌లో ఉన్నంతకాలం ‘క్యూస్’ నల్‌గానే ఉంటుంది, క్యూ ఈవెంట్లు రావు. మోడ్‌ని ‘హిడెన్’ చేయండి. తెర మీద ఏమీ కనపడదు, ఈవెంట్లు మాత్రం వస్తాయి.

అప్పుడు కూడా ఫైల్ దిగాకే క్యూలు నిండుతాయి. ‘లోడ్’ ఈవెంట్‌ని ట్రాక్ ఎలిమెంట్ మీద వినాలి, టెక్స్ట్‌ట్రాక్ ఆబ్జెక్ట్ మీద కాదు. దాని పక్కనే ‘ఎర్రర్’కీ లిజనర్ పెట్టండి. ఎలిమెంట్ ‘రెడీస్టేట్’ 3 అని చూపిస్తే ఫైల్ రాలేదన్నట్టు. ఫైల్ వేరే డొమైన్‌లో ఉంటే వీడియో ట్యాగ్‌కి ‘క్రాస్ఆరిజిన్’ పెట్టాలి, అవతలి సర్వర్ కూడా కార్స్ హెడర్‌తో (వేరే డొమైన్ పేజీలు ఫైల్ చదవొచ్చని చెప్పేది) అనుమతివ్వాలి. ఫైల్ మొదటి లైన్ ‘వెబ్‌విటిటి’ (WEBVTT) అని మొదలవ్వాలి.

క్యూ ముగిసినప్పుడు కూడా ‘క్యూచేంజ్’ వస్తుంది. అప్పుడు ‘యాక్టివ్‌క్యూస్’ ఖాళీగా ఉండొచ్చు. పొడవు చూడకుండా మొదటి క్యూ టెక్స్ట్ చదివితే స్క్రిప్ట్ అక్కడే పడిపోతుంది.

ప్రశ్న: కెమెరా మీడియాస్ట్రీమ్‌కి (ఆడియో, వీడియో ట్రాక్‌లని మోసే ఆబ్జెక్ట్) ‘యాడ్‌ట్రాక్’ మెథడ్‌తో ఆడియో కలిపాను. అదే పేరున్న ఈవెంట్ ఎందుకు రాలేదు?

జవాబు: మీ స్క్రిప్టే కలిపిన ట్రాక్‌కి అది రాదు. బ్రౌజర్ తనంతట తాను కలిపితేనే, ఉదాహరణకు వెబ్ఆర్‌టీసీ (బ్రౌజర్ల మధ్య నేరుగా సాగే) కాల్‌లో అవతలి వైపు నుంచి ట్రాక్ చేరితేనే, వస్తుంది. ట్రాక్ మీద ‘స్టాప్’ పిలిచినప్పుడు, ట్రాక్ ముగిసిందని చెప్పే ‘ఎండెడ్’ ఈవెంట్ కూడా ఇంతే, రాదు. ఈ రెండు చోట్లా మెథడ్ పిలిచిన వెంటనే మీ ఫంక్షన్‌ని మీరే పిలుచుకోండి.