నర్సమ్మను అడగండి: రిజిస్టరులో రెండు గడులు

ప్రశ్న: బెంగళూరు హొంగసంద్రలో పదో తరగతి చదువుతున్నాను. ‘వర్ధమాన దేశాల్లో జనాభా పెరుగుదల: కారణాలు, ఫలితాలు’ అని ప్రాజెక్టు ఇచ్చారు. చదువులేని పేదవాళ్ళు ఎక్కువమందిని కనడమే కారణమని రాసేద్దామంటున్నారు మా స్నేహితులు. మా నాయనమ్మకు తొమ్మిది కాన్పులు. ఆవిడ గురించి అలా రాయబుద్ధి కావడం లేదు. ఏం రాయమంటారు?

జవాబు: అలా రాయొద్దు నాన్నా. ముందు నాయనమ్మ పక్కన కూర్చుని, ఆ తొమ్మిది మందిలో బతికి బట్టకట్టినవాళ్ళు ఎందరో అడుగు. నీ ప్రాజెక్టులో సగం అక్కడే ఉంది.

నేను 1979లో కదిరి ప్రాంతంలో ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో ఏ.ఎన్.ఎం.గా, అంటే ఊళ్ళు తిరిగే నర్సుగా చేరాను. అర్హ దంపతుల రిజిస్టరని, పిల్లల్ని కనే వయసు జంటల వివరాలు రాసే ఒక లావుపాటి పుస్తకం చేతికిచ్చారు. ఇంటింటికీ తిరిగి నింపాలి. అందులో పక్కపక్కనే రెండు గడులు: అయిన కాన్పులు, బతికున్న బిడ్డలు. ఏడు–నాలుగు. ఆరు–మూడు. ఎనిమిది–ఐదు. మొదటి గడికి తల్లులు టక్కున జవాబు చెప్పేవారు. రెండో గడికి వచ్చేసరికి వేళ్ళు మడిచి లెక్కపెడుతూ, ఏదో ఒక వేలి దగ్గర ఆగిపోయేవారు. ఆ వేలు తట్టుతో పోయిన పిల్లదో, విరేచనాలతో పోయిన పిల్లవాడిదో అయ్యేది. కొడవలితో బొడ్డు కోయడం వల్ల ధనుర్వాతం వచ్చి పదో రోజుకే పోయిన పసిగుడ్లకైతే పేరు కూడా ఉండేది కాదు.

ఒకామెకు ‘ఇద్దరు చాలమ్మా’ అని చెప్పబోతే, ‘ఆ ఇద్దరూ ఉంటారని కాగితం మీద రాసిస్తావా?’ అంది. నోట మాట రాలేదు నాకు. ఆమెకు సంతకం పెట్టడం రాదు. లెక్క మాత్రం నాకంటే బాగా వచ్చు.

దేశం లెక్క కూడా ఇలాంటిదే. 1951 ప్రాంతంలో ఏటా వెయ్యి జనాభాకు సుమారు 40 మంది పుట్టేవారు, 25 మంది పోయేవారు. 1981 నాటికి మరణాలు సగానికి పడిపోయాయి. జననాలు మాత్రం 34 దగ్గరే ఉన్నాయి. ఆ ముప్పై ఏళ్ళలో 36 కోట్ల జనం 68 కోట్లయ్యారు. మశూచి పోయింది, మలేరియా మీద డీడీటీ చల్లారు, తిండిగింజలు కరువు ఊళ్ళకు కూడా చేరసాగాయి. జనం పాత రోజుల్లో కన్నట్టే కన్నారు, పాత రోజుల్లోలా పోగొట్టుకోలేదు. చావు తగ్గిందన్న నమ్మకం తల్లికి కుదరడానికి ఒక తరం పడుతుంది. జనాభా ఉప్పొంగేది ఆ మధ్యలోనే. చిన్న వయసు పెళ్ళిళ్ళు, కొడుకు పుట్టేదాకా ఆగని కాన్పులు, ముసలితనంలో బిడ్డలు తప్ప మరో ఆసరా లేకపోవడం కూడా రాయి. అవీ నిజమే.

1985 తర్వాత టీకాల డబ్బా భుజాన వేసుకుని తిరిగాం. మంత్రసానులకు కొత్త బ్లేడు వాడడం నేర్పాం. విరేచనాలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని చెంబెడు నీళ్ళలో కాదమ్మా, లీటరు నీళ్ళలో కలపాలని గొంతు పోయేలా చెప్పాం. కొన్నేళ్ళకు నా రిజిస్టరులో నాలుగు–నాలుగు, మూడు–మూడు కనిపించసాగాయి. రెండు–రెండు ఆ తర్వాతే వచ్చింది. ముందు బిడ్డలు బతకడం, ఆ తర్వాతే కాన్పులు తగ్గడం: ఈ వరుస ముఖ్యం, మార్కులు పోయినా సరే రాయి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి అది 28.

మధ్యలో మా చేత చేయించిన పని గురించి చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు నెలకు ఇన్ని ‘కేసులు’ తేవాలి, లేకపోతే జీతం ఆగుతుంది. అందరి చూపూ ఆడవాళ్ళ మీదే. 1996లో ఆ టార్గెట్లు ఎత్తేశారు. ఆడవాళ్ళ మీది భారం మాత్రం దిగలేదు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో పదికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారు. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు, అదీ పది నిమిషాల పని అయినా!

ఫలితాలకు పెద్ద మాటలు వద్దు, ఒక చేను చాలు. అయిదెకరాల వేరుశనగ చేను, వాన మీదే ఆధారం. తండ్రి కాలంలో నలుగురు కొడుకులు బతికారు. మంచిదే, నేను కోరుకున్నదీ అదే. తలా ఎకరం పాతిక సెంట్లు వచ్చింది. వాళ్ళ పిల్లలు పంచుకునేసరికి ఎద్దులు తిరగడానికి కూడా చోటు లేదు. ఊరి బడిలో రెండు తరగతులు ఒకే గదిలో. ఆ మనుమలు ఇప్పుడు ఎక్కడున్నారో నీకూ తెలుసు. హొంగసంద్ర చుట్టుపక్కల లేచే ప్రతి కట్టడం పక్కనా రేకుల షెడ్లు ఉంటాయి, వెళ్ళి తెలుగులో పలకరించి చూడు.

ప్రశ్న: నేను వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను. 2009లో విజయవాడ నుంచి వచ్చాను. 2024 వేసవిలో మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకరు కోసం పడిన పాట్లు మరచిపోలేను. ఇద్దరికి మించి కంటే రాయితీలు ఆపే చట్టం తేవాలి, బయటివాళ్ళ రాకను కట్టడి చేయాలి. మీరేమంటారు?

జవాబు: 2009లోనే కట్టడి చేసి ఉంటే ఈ ఉత్తరం విజయవాడ నుంచి వచ్చేది. నేనూ రిటైరయ్యాక కూతురి వెంట ఇక్కడికి వచ్చినదాన్నే.

2001 నుంచి 2011 వరకు బెంగళూరు అర్బన్ జిల్లా జనాభా 65 లక్షల నుంచి 96 లక్షలకు, అంటే 47 శాతం పెరిగింది. అవే పదేళ్ళలో కర్ణాటక మొత్తం పెరిగింది 15.6 శాతమే. చిక్కమగళూరు జిల్లాలో జనం కాస్త తగ్గారు కూడా. బెంగళూరు తల్లులు మూడింతలు కన్నారా? 2019–21 సర్వేలో కర్ణాటక స్త్రీకి సగటున 1.7 బిడ్డలు, ఆంధ్రలోనూ అంతే. ఇంతకంటే తక్కువ కనమని చట్టం ఎవరికి చేయాలి? బీహార్‌లో 3.0 ఉంది. అయితే అక్కడి తల్లికి కావలసింది రాయితీలకు కోత పెట్టే చట్టం కంటే ముందు, ఆడపిల్లకు బడి, ఊళ్ళో నర్సు. మా కదిరి వైపు అంకెలు దిగింది వాటితోనే.

నీళ్ళ కథ వేరు. కావేరి నీళ్ళు ఈ ఊరికి సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కి వస్తాయి. 2007లో చుట్టుపక్కల 110 గ్రామాలను నగరంలో కలిపారు. ఆ గ్రామాల కోసం ఉద్దేశించిన కావేరి నీటి పథకం అయిదో దశ ప్రారంభమైంది 2024 అక్టోబరులో. ఆ పదిహేడేళ్ళూ అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి, బోర్లు తవ్వుతూనే ఉన్నారు, చెరువులు పూడుతూనే ఉన్నాయి. మనిషి రావడం ఒక్క రాత్రి బస్సు ప్రయాణం. పైపు రావడానికి పదిహేడేళ్ళు. 2023లో వాన మొహం చాటేసేసరికి ఆ తేడా మీ ట్యాంకరు దగ్గర బయటపడింది.

ప్రశ్న: ఇద్దరు పిల్లలున్నారు. మూడో బిడ్డను కనమని మా అత్తగారు పోరుపెడుతున్నారు. ‘ఇప్పుడు ప్రభుత్వమే కనమంటోంది’ అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. మీ అత్తగారు విన్నది అదే కావచ్చు. మీరేమైనా సర్పంచ్‌గా నిలబడుతున్నారా? ముసలివాళ్ళు పెరిగి పనిచేసేవాళ్ళు తగ్గుతారన్న భయం అక్కడి పాలకులది. అందులో నిజం లేకపోలేదు, కానీ దాని కోసం మీరు ప్రసవ వేదన పడాల్సిన పని లేదు.

మీ చిన్నబిడ్డ వయసెంతో, కాన్పులు మామూలువో సిజేరియన్లో మీరు రాయలేదు. రెండూ సిజేరియన్లే అయితే ఎవరి మాటా వినకముందు డాక్టరును కలవండి. ఆ వివరాలు రాస్తే వచ్చే నెల చెబుతాను. కవరు మీద మీ పేరు లేకపోయినా ఫరవాలేదు.