ప్రాజెక్టు కొనేద్దామంటున్నారు మా బ్యాచ్ వాళ్లు

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు బ్యాచ్‌లో నలుగురం. మిగతా ముగ్గురూ అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనేద్దాం, అందరూ చేసేదే కదా అంటున్నారు. నాకు ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లాలని ఉంది. సొంతంగా చేస్తే టైమ్‌కి పూర్తికాదేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: కొనకండి. ఎమ్మెస్ అన్నారు కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

అమెరికాలో చాలా యూనివర్సిటీలు మూడు దాకా సిఫార్సు లేఖలు అడుగుతాయి. దరఖాస్తులో మీరు లెక్చరర్ ఈమెయిల్ ఇస్తే లేఖ అప్‌లోడ్ చేసే లింకు నేరుగా ఆయనకే వెళుతుంది. అదే ఫారంలో, ఈ లేఖ చూసే హక్కు వదులుకుంటున్నానని టిక్ పెట్టే గడి ఉంటుంది. అక్కడ చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసుకునే హక్కును 1974 నాటి ఫెర్పా చట్టం ఇచ్చింది. ఆ హక్కును తనంతట తానే వదులుకుంటే, లెక్చరర్ మొహమాటం లేకుండా రాశారని చదివేవాళ్లకు నమ్మకం కుదురుతుంది. ఒక్క కాగితాన్ని నమ్మడానికి ఇంత ఏర్పాటు! మన దగ్గర చాలా చోట్ల "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అంటారు. అరవై మంది ఉన్న సెక్షన్‌లో మీ గురించి ఆయనకు తెలిసిందేముంది? తెలిసే అవకాశం వచ్చేది ప్రాజెక్టులోనే. అదీ కొనేస్తే, ఆయన నిజాయితీగా రాయగలిగేవి మార్కులూ హాజరే.

పూర్తికాదేమో అన్న భయానికి మందు, చిన్న సమస్య ఎత్తుకోవడం. కాలేజీ బస్సు రూట్లు, హాస్టల్ మెస్‌లో వృథా అయ్యే అన్నం లెక్క, ఏదైనా సరే. మొదటి రోజు నుంచే కోడ్‌ను గిట్‌హబ్‌లో, అంటే కోడ్ దాచుకునే వెబ్‌సైట్‌లో పెట్టండి. ఎవరు ఏ రోజు ఏం రాశారో తేదీలతో సహా ఉంటుంది. ఎక్కడి నుంచైనా తీసుకున్న కోడ్, చాట్‌జీపీటీ రాసిందైనా, రిపోర్టులో చెప్పేయండి. పనిచేయని భాగం ఎందుకు పనిచేయలేదో ఒక పేజీ రాయండి. వైవాలో కొన్న ప్రాజెక్టు రెండో ప్రశ్నకే బయటపడుతుంది. "ఈ లైను తీసేస్తే ఏమవుతుంది?" అనగానే నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఇతరుల పనిని మనదిగా చూపించడం పై చదువుల్లో ఇంకా ప్రమాదం. పీజీ, పీహెచ్‌డీ థీసిస్‌లకు యూజీసీ 2018లోనే నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతలతో 10 శాతం దాకా పోలికలుంటే శిక్ష లేదు. 40 దాటితే ఏడాది పాటు థీసిస్ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

మీ వాళ్లతో ఈ వారమే కూర్చోండి. నీతులు చెప్పకండి, వాళ్లకీ ప్లేస్‌మెంట్ల టెన్షన్ ఉంటుంది. పనిని నాలుగు భాగాలు చేసి, కష్టమైనది మీరే తీసుకుంటానని చెప్పండి. ససేమిరా అంటే గైడ్ దగ్గరకు వెళ్లి, విడిగా చేసుకుంటానని అడగండి. వాళ్ల మీద ఫిర్యాదు మాత్రం వద్దు. గైడే "ఎక్కడైనా కొనుక్కోండి" అంటే? అలా అనేవాళ్లూ ఉన్నారు, నాకు చాలా బాధ కలిగించే విషయమిది. అప్పుడు మీ పని చూసే ఓపికున్న మరో లెక్చరర్ కోసం హెచ్‌ఓడీని అడగండి. పదిహేను రోజులకోసారి వెళ్లి, చేసిందీ చేయలేకపోయిందీ చూపించండి.

లేఖ అడగాల్సిన రోజు వచ్చినప్పుడు గిట్‌హబ్ లింకు, రిపోర్టు ఆయన చేతికిచ్చి, "సార్, మీకు ఎలా అనిపిస్తే అలా రాయండి" అనండి.