టెక్ సందేహాలు: కౌంటీ జైలు లిస్టులో పేరు కనిపించకపోతే ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి డాలస్ దగ్గర ఎంఎస్ చదువుతున్నాడు. తాగి కారు నడిపాడని శుక్రవారం రాత్రి అరెస్టు చేశారు. రూమ్మేట్లు పంపిన లింకులో శనివారం వాడి పేరు కనిపించింది. ఆదివారం చూస్తే లేదు. విడుదలయ్యాడని అంటున్నారు గానీ ఫోన్ కలవడం లేదు. రుజువు ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతుంది? 30 డాలర్లు కడితే పూర్తి రిపోర్టు ఇస్తామని ఒక సైటు చెబుతోంది. కట్టమంటారా?

ఆ డబ్బు కట్టకండి. అలాంటి సైట్ల దగ్గర ఉండేది కౌంటీల (అక్కడి జిల్లాల లాంటివి) నుంచి ఎప్పుడో కాపీ చేసి పెట్టుకున్న సమాచారం. నిన్నటి విడుదల అందులో ఉండే అవకాశం చాలా తక్కువ. మీకు కావలసినవన్నీ ప్రభుత్వ ఆఫీసుల సైట్లలోనే ఉచితంగానో, కాపీకి కొద్దిపాటి ఫీజుతోనో దొరుకుతాయి.

కౌంటీ జైలు సైటు చెప్పేది ఇప్పుడు లోపల ఎవరున్నారన్నదే. మనిషి బయటికి రాగానే చాలా కౌంటీల్లో పేరు ఆ లిస్టులోంచి పోతుంది. కొన్ని కౌంటీలు గత 24 లేదా 48 గంటల్లో విడుదలైనవారి పేర్లు విడిగా పెడతాయి, అన్నీ పెట్టవు. పేరు పోయినంత మాత్రాన రికార్డు చెరిపేశారని గానీ, కేసు కొట్టేశారని గానీ అనుకోకండి. అక్కడి నుంచి వెతకాల్సింది కోర్టు క్లర్కు ఆఫీసు రికార్డుల్లో. ఈ సంగతి తెలియకే చాలామంది తల్లిదండ్రులు జైలు పేజీనే రాత్రంతా రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటారు.

ముందు సరైన కౌంటీలోనే వెతుకుతున్నారా చూసుకోండి. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, దేన్నుంచి వచ్చిన సమాచారం దానిదే. మనవాళ్లు డాలస్ అని చెప్పే ప్రాంతం ఒక్క డాలస్ కౌంటీలోనే లేదు. ఆర్లింగ్టన్‌లోని యూనివర్సిటీ టారెంట్ కౌంటీలో ఉంది. డెంటన్‌లోని యూనివర్సిటీ డెంటన్ కౌంటీలో ఉంది. రిచర్డ్‌సన్ ఊరు డాలస్, కాలిన్ కౌంటీల మధ్య పరుచుకుని ఉంది. ఫ్రిస్కో కూడా అంతే, కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ ఉంది. ఏ రోడ్డు మీద ఆపారో కనుక్కుంటే, కౌంటీ జైలు నడిపే ఏ షెరిఫ్ సైటో తేలుతుంది. కొన్ని ఊళ్లలో మొదట సిటీ పోలీసుల లాకప్పులో ఉంచి తర్వాత కౌంటీకి పంపుతారు. రాష్ట్ర జైళ్ల సైట్లు, ఫెడరల్ జైళ్ల సైటు శిక్ష పడినవారి కోసం ఎక్కువగా పనికొచ్చేవి, మీ అబ్బాయి కోసం అక్కడ వెతకక్కర్లేదు.

మన పేర్లతో వచ్చే చిక్కు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇక్కడ చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, అసలు పేరు తారుమారుగా ఉంటాయి, లేదా మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదని అర్థం) అనే మూడక్షరాలు వేస్తారు. జైల్లో పేరు ఎక్కించేవాళ్లు చేతిలో ఉన్న కార్డు చూసి అలాగే టైపు చేస్తారు. కాబట్టి ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరును లాస్ట్ నేమ్ గడిలో పెట్టి ఒకసారి, ఎఫ్ఎన్‌యూతో ఒకసారి వెతకండి. సైటు ఒప్పుకుంటే మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టండి. పుట్టిన తేదీలో నెల ముందు, రోజు తర్వాత వస్తాయి. శనివారం చూసినప్పుడు బుకింగ్ నంబరు రాసుకుని ఉంటే ఈ కష్టమే లేదు. రూమ్మేట్ల దగ్గర ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఉందేమో అడగండి.

నంబరు దొరికాక జైలుకు ఫోన్ చేసి మూడు విషయాలు అడగాలి: విడుదలయ్యాడా, ఏ సమయానికి, ఏ కారణంతో. బాండు మీద వచ్చాడా, సొంత పూచీ మీద వదిలారా, లేక వేరే శాఖకు అప్పగించారా అన్నది ముఖ్యం. విడుదల అని రాసిన ప్రతిసారీ మనిషి ఇంటికి వచ్చినట్టు కాదు. జైలు నుంచి నేరుగా ఇమ్మిగ్రేషన్ అధికారులు తీసుకెళ్లినా విడుదల అనే చూపిస్తుంది. ఐస్ (ఇమ్మిగ్రేషన్ చట్టాలు అమలు చేసే అమెరికా శాఖ) అధికారులు కోరితే విడుదల సమయం దాటాక 48 గంటల వరకు జైల్లోనే ఆపి ఉంచే పద్ధతి ఉంది. ఆ అనుమానం ఉంటే ఐస్ వారి డిటైనీ లొకేటర్‌లో (తమ నిర్బంధంలో ఉన్నవారిని వెతికే పేజీ) చూడండి. ఇమ్మిగ్రేషన్ శాఖ విదేశీయులకు ఇచ్చే ‘ఏ-నంబరు’ ఉంటే దానితో, లేకపోతే పేరు, పుట్టిన దేశంతో వెతకొచ్చు. అక్కడ పేరు అక్షరం తేడా లేకుండా సరిపోవాలి, అందుకే పైన చెప్పిన అన్ని రకాలుగానూ కొట్టండి. అక్కడ కనిపిస్తే మాత్రం వెంటనే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను పట్టుకోండి, హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్‌కూ చెప్పండి.

గుంటూరు నుంచి కొన్ని కౌంటీల సైట్లు అసలు తెరుచుకోవు. విదేశాల నుంచి వచ్చే ట్రాఫిక్‌ను ఆపేసి ఉంచుతారు. మీ ఇంటర్నెట్ లోపమని కంగారుపడకుండా అక్కడున్న బంధువుతో వెతికించండి. సమయం కూడా లెక్కలోకి తీసుకోండి. డాలస్ మనకంటే శీతాకాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది.

ఇక కోర్టు రికార్డు. టెక్సస్‌లో మొదటిసారి తాగి నడిపిన కేసు మామూలుగా క్లాస్ బీ మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల తరగతి. అలాంటివి కౌంటీ క్లర్కు దగ్గర, పెద్ద నేరాలు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర ఉంటాయి. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో ఈ రెండు రకాలవీ డిస్ట్రిక్ట్ క్లర్కే చూస్తారు. మన ఈకోర్ట్స్ సైటులో పార్టీ పేరుతో వెతికినట్టే అక్కడా వెతకొచ్చు. బాండు మొత్తం, తర్వాతి వాయిదా తేదీ, కేసు ఏ దశలో ఉందో తెలుస్తాయి. ప్రాసిక్యూటర్ అభియోగం దాఖలు చేయడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టొచ్చు. అందుకే సోమవారం కేసు కనిపించకపోతే గండం గడిచిందని అనుకోవద్దు. రెండు వారాల తర్వాత మళ్లీ చూడండి.

చేతికి కాగితమే కావాలంటే షెరిఫ్ ఆఫీసుకు టెక్సస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద ఈమెయిల్ పెట్టొచ్చు. మన ఆర్‌టీఐలా పౌరులై ఉండాలన్న నియమం అక్కడ లేదు. ఎందుకని అడగడానికి కూడా అధికారులకు వీల్లేదు. అరెస్టుకు సంబంధించిన ప్రాథమిక సమాచారం దాచకూడదని ఆ చట్టంలోని 552.108 సెక్షన్ చెబుతుంది. పేరు, పుట్టిన తేదీ, బుకింగ్ తేదీ రాసి, బుకింగ్, విడుదల రికార్డులు కావాలని అడిగితే చాలు. కోర్టులకు ఈ చట్టం వర్తించదు, కోర్టు కాగితాలు క్లర్కునే అడగాలి. అన్ని రాష్ట్రాలూ ఇలా ఉండవు. వర్జీనియా, టెనెసీ తమ రాష్ట్ర పౌరులు అడిగితేనే ఇస్తామంటాయి. అది చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 2013లో చెప్పింది.

చివరగా ఒక హెచ్చరిక. అరెస్టు వివరాలు బహిరంగం కాబట్టి మోసగాళ్లూ చూస్తారు. జైలు నుంచి మాట్లాడుతున్నామని, బెయిల్ కోసం గిఫ్ట్ కార్డులు గానీ బిట్‌కాయిన్ గానీ పంపమని ఫోన్ వస్తే పెట్టేయండి. వినిపించేది మీ అబ్బాయి గొంతే అయినా సరే. గొంతును ఏఐతో తయారు చేసి ఇలా మోసం చేస్తున్నారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లోనే హెచ్చరించింది. షెరిఫ్ సైటులో ఉన్న నంబరుకు మీరే తిరిగి చేయండి.

ప్రశ్న: నేను షార్లెట్‌లో ఉంటాను. నన్ను కొట్టిన కేసులో మాజీ భర్త కౌంటీ జైల్లో ఉన్నాడు. విడుదలైతే నాకు తెలిసే మార్గం ఉందా? నేను కనుక్కుంటున్నట్టు అతనికి తెలుస్తుందా?

ఉందమ్మా. జైల్లో ఉన్న మనిషి విడుదలైతే కబురు పంపే వైన్ అనే ఉచిత సేవ సరిగ్గా మీలాంటివారి కోసమే పుట్టింది. 1993 డిసెంబరులో కెంటకీలోని లూయివిల్‌లో ఒక అమ్మాయిని ఆమె 21వ పుట్టినరోజున మాజీ ప్రియుడు చంపేశాడు. అతను బెయిలు మీద బయటికి వచ్చాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ మరుసటి ఏడాది అదే కౌంటీలో ఈ సేవ మొదలై, తర్వాత దేశమంతటా పాకింది. నార్త్ కరోలినాలో దీన్ని సవాన్ అంటారు. వైన్‌లింక్ సైటులో రాష్ట్రం ఎంచుకుని పేరుతో వెతికి, ఫోన్, మెసేజ్, ఈమెయిల్‌లలో మీకు కావలసినవి నమోదు చేసుకోండి. మీరు నమోదైన విషయం అతనికి చెప్పరు.

కానీ మీ ఫోనే చెప్పేయవచ్చు, అసలు జాగ్రత్త అక్కడే కావాలి. పెళ్లయ్యాక మన ఇళ్లలో ఫోన్ ప్లాన్, ఈమెయిల్, ఐక్లౌడ్ అన్నీ భర్త పేరు మీదే తెరవడం మామూలు. కాబట్టి అతనికి ఎప్పుడూ తెలియని కొత్త ఈమెయిల్‌ను, వీలైతే స్నేహితురాలి కంప్యూటర్‌లో తెరవండి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో సేఫ్టీ చెక్ ఉంటుంది, ఎవరితో లొకేషన్ పంచుకుంటున్నారో అందులో ఒక్కచోటే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ మ్యాప్స్ లొకేషన్ షేరింగ్, మీ గూగుల్ ఖాతాలో లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా చూడండి. ఒకే ప్లాన్‌లో ఉంటే మీ నంబరును విడదీయమని కంపెనీని అడిగే హక్కు 2022 నాటి సేఫ్ కనెక్షన్స్ చట్టం ఇచ్చింది. వేధింపులకు సంబంధించిన పత్రం జతచేసి అడిగితే రెండు పనిదినాల్లో విడదీయాలి.

వైన్ కబురు ఆలస్యం కావచ్చు, దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. రోజుకోసారి జైలు లిస్టు కూడా చూడండి. గృహహింస జాతీయ హెల్ప్‌లైన్ 1-800-799-7233 రాత్రీ పగలూ పనిచేస్తుంది, భద్రత ప్లాన్ వేసుకోవడానికి వాళ్లు సాయం చేస్తారు. ప్రమాదం అనిపించిన క్షణంలో 911.

ప్రశ్న: మా ఇంట్లో గది అద్దెకు అడిగిన కుర్రాడి గురించి పీపుల్ సెర్చ్ సైటులో చూసి నిర్ణయించుకోవచ్చా?

వద్దు. అద్దెకు, ఉద్యోగానికి అలాంటి రిపోర్టులు వాడకూడదని ఆ సైట్లే షరతుల్లో రాసుకుంటాయి. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టానికి కట్టుబడే స్క్రీనింగ్ కంపెనీ ద్వారా, అతని అనుమతితో చేయించండి. రిపోర్టు చూసి కాదంటే ఆ సంగతి అతనికి తెలియజేయాలి. అరెస్టయి విడుదలైనంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదని కూడా గుర్తుంచుకోండి, అదే పేరున్నవాళ్లు మనలో వందల్లో ఉంటారు.

ప్రశ్న: హ్యూస్టన్‌లో నా మీద పెట్టిన కేసు కొట్టేశారు. అయినా గూగుల్‌లో నా జైలు ఫొటో వస్తోంది. తీయించడం ఎలా?

డబ్బిస్తే తీసేస్తామనే సైటుకు ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. ఒక సైటు తీసినా ఇంకోటి పెడుతుంది. ఇలాంటి సైట్లను కట్టడి చేసే చట్టం టెక్సస్‌లో 2013లో వచ్చింది. డబ్బడిగే సైట్ల పేజీలను సెర్చ్‌లోంచి తొలగించమని కోరడానికి గూగుల్‌కు ప్రత్యేక ఫారం ఉంది. వాళ్లు డబ్బడిగిన స్క్రీన్‌షాట్ జతచేయండి. సైటులో ఫొటో తీసేసినా గూగుల్‌లో ఇంకా కనిపిస్తుంటే, పాతబడిన కంటెంట్‌ను రిఫ్రెష్ చేయమని అడిగే టూల్ వాడండి.

రికార్డునే చెరిపించే ఎక్స్‌పంక్షన్‌కు మీరు అర్హులేమో లాయర్‌ను అడగండి. కానీ దానికి ముందే డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర కేసు ఫలితం తెలిపే సర్టిఫైడ్ కాపీలు కొన్ని తీసి పెట్టుకోండి. ఎక్స్‌పంక్షన్ అయ్యాక ఆ కాపీలు దొరకవు. వీసా స్టాంపింగ్‌కు నింపే డీఎస్-160 ఫారం ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది, కేసు మాఫీ అయినా సరే చెప్పమంటుంది. రికార్డు చెరిగిపోయింది కదా అని లేదని రాస్తే అదే పెద్ద చిక్కవుతుంది. అవునని రాసి, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఆ కాపీ చూపించండి.