లాగిన్ అవుతోంది, ఫైళ్ల జాబితా రావడం లేదు... ఎందుకు?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి, అమీర్‌పేటలో లినక్స్ అడ్మిన్ కోర్సు చేశాను. ఇంటర్వ్యూలో ‘ఎఫ్‌టీపీ సర్వర్ కోసం ఫైర్‌వాల్‌లో 21 పోర్టు తెరిచాం. లాగిన్ అవుతోంది, ఫైళ్ల జాబితా రావడం లేదు. కారణం?’ అని అడిగారు. సర్వీస్ రీస్టార్ట్ చేస్తానన్నాను. సెలెక్ట్ కాలేదు. ఎలా ప్రిపేరవ్వాలి?
– ఓ విద్యార్థి, కాకినాడ

జవాబు: కమాండ్లు బట్టీపట్టినవారెవరో, లోపల జరిగేది తెలిసినవారెవరో ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. అందుకే అడుగుతారు. ఎఫ్‌టీపీ (కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపే పద్ధతి) రెండు కనెక్షన్లతో నడుస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఆదేశాలు 21వ పోర్టు (కనెక్షన్ వచ్చే ద్వారం నంబరు) మీద వెళ్తాయి. ఫైలైనా, ఫైళ్ల జాబితా అయినా రెండో కనెక్షన్‌లోనే రావాలి. పాసివ్ మోడ్‌లో (రెండో కనెక్షన్‌నూ క్లయింటే, అంటే ఫైళ్లు అడిగే కంప్యూటరే మొదలుపెట్టే పద్ధతిలో) దానికోసం సర్వర్ అప్పటికప్పుడు ఓ పెద్ద నంబరు పోర్టు తెరిచి క్లయింటుకు చెబుతుంది. ఆ పోర్టును ఫైర్‌వాల్ (అనుమతి లేని కనెక్షన్లను అడ్డుకునే రక్షణ) ఆపేస్తే పని లాగిన్ దగ్గరే నిలిచిపోతుంది. రీస్టార్ట్ ఎన్నిసార్లు చేసినా ఫలితం ఉండదు.

ఆ పోర్టు చెప్పడానికి సర్వర్ పంపే 227 నంబరు జవాబును చదవడం నేర్చుకోండి. అందులో 192,168,56,10,195,100 అని ఆరు సంఖ్యలు ఉన్నాయనుకుందాం. మొదటి నాలుగూ ఐపీ అడ్రస్. ఐదోదాన్ని 256తో గుణించి ఆరోది కలపాలి: 49920 + 100 = 50020. క్లయింటు వెళ్లబోయే పోర్టు అదే. ఇది కాగితం మీద చేసి చూపిస్తే ఇంటర్వ్యూ చేసేవారికి మీమీద నమ్మకం కుదురుతుంది.

సాధనకు 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ చాలు. వర్చువల్‌బాక్స్‌లో (ఒకే కంప్యూటర్‌లో మరికొన్ని కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) 2 జీబీ చొప్పున రెండు రాకీ లినక్స్ 9 మెషీన్లు పెట్టి, ఒకదానిలో వీఎస్‌ఎఫ్‌టీపీడీ (ఎఫ్‌టీపీ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయండి. ముందు కావాలనే తప్పు చేయండి: ఫైర్‌వాల్‌డీలో (రాకీ లినక్స్‌లోని ఫైర్‌వాల్) 21/టీసీపీ పోర్టు మాత్రమే తెరవండి. లాగిన్ అవుతుంది, జాబితా అడిగితే ‘నో రూట్ టు హోస్ట్’ అంటుంది. ఫైర్‌వాల్‌డీ మామూలుగా కనెక్షన్‌ను తిరస్కరించి ఆ సంగతి చెబుతుంది. ఉబుంటులోని ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ అయితే చప్పుడు లేకుండా పడేస్తుంది కాబట్టి క్లయింటు అలాగే వేలాడుతూ ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే లాగ్ చూడకముందే సగం కారణం దొరుకుతుంది.

ఇప్పుడు ఆ పోర్టు తీసేసి, దాని బదులు ఫైర్‌వాల్‌డీలో ముందే తయారుగా ఉండే ఎఫ్‌టీపీ ‘సర్వీస్’ రూల్‌ను పర్మనెంట్‌గా జోడించి రీలోడ్ చేయండి. జాబితా వస్తుంది. సర్వీస్‌తోపాటు వచ్చే కనెక్షన్ ట్రాకింగ్ హెల్పర్ 21 మీది సంభాషణ చదివి, అవసరమైన పోర్టును ఆ కాసేపే అనుమతిస్తుంది. టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను రహస్యంగా ఉంచే ఎన్‌క్రిప్షన్) ఆన్ చేస్తే మాత్రం సంభాషణ ఎన్‌క్రిప్ట్ అయిపోయి హెల్పర్‌కు ఏమీ కనిపించదు, సమస్య మళ్లీ మొదలవుతుంది. అప్పుడు వీఎస్‌ఎఫ్‌టీపీడీ కాన్ఫిగరేషన్‌లో పాసివ్ పోర్టుల కనిష్ఠం 50000, గరిష్ఠం 50100 అని రాసి, వీఎస్‌ఎఫ్‌టీపీడీ రీస్టార్ట్ చేసి, అదే శ్రేణిని ఫైర్‌వాల్‌లోనూ తెరవాలి. ఒక్కో బదిలీకి ఒక్కో పోర్టు కాబట్టి చిన్న ఆఫీసుకు 101 ధారాళంగా సరిపోతాయి. క్లౌడ్‌లో అయితే సెక్యూరిటీ గ్రూప్‌లోనూ (క్లౌడ్ సొంత ఫైర్‌వాల్) ఈ శ్రేణి తెరవాలి, పాసివ్ అడ్రస్‌గా పబ్లిక్ ఐపీ ఇవ్వాలి. లేకపోతే సర్వర్ తన ప్రైవేటు ఐపీనే బయటివారికి చెబుతుంది.

జాబితా వచ్చి, అప్‌లోడ్‌కు మాత్రం 553 (ఫైలును సృష్టించలేకపోయానని సర్వర్ చెప్పే జవాబు) వస్తే ఫైర్‌వాల్ జోలికి వెళ్లకండి. ఫోల్డర్ పర్మిషన్లు, ఎస్‌ఈలినక్స్ (లినక్స్‌లోని అదనపు భద్రతా నియంత్రణ) చూడండి.

కొత్తగా కట్టే సర్వర్లకు 22 ఒక్క పోర్టుతో నడిచే ఎస్‌ఎఫ్‌టీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) మేలు. ఇంటర్వ్యూలో ఆ మాట కూడా చెప్పండి. తర్వాత ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ సంస్థ లినక్స్ అడ్మిన్ సర్టిఫికేషన్) రాయండి. పూర్తిగా ప్రాక్టికల్ పరీక్ష, 300కు 210 రావాలి. ఫైర్‌వాల్ సెట్టింగులు సిలబస్‌లో ఉన్నాయి. మెషీన్ రీబూట్ అయ్యాక కూడా నిలిచిన సెట్టింగులకే మార్కులు. అందుకని ఇంట్లో ప్రతి సాధన తర్వాతా మెషీన్ రీబూట్ చేసి, ఫైర్‌వాల్ జాబితా మళ్లీ చూడండి. పర్మనెంట్ మరచిపోయిన రూల్ అందులో ఉండదు.