సంగటిని కూడా నమలాలి, శీనూ

చిరంజీవి శీనుకు పెద్దమ్మ ఆశీస్సులు.

బరువు తగ్గే ఆపరేషన్ అయిన నాలుగు నెలలకే ఇరవై కిలోలు తగ్గావని మీ అమ్మ ఫోనులో ఒకటే సంబరం. నాకూ సంతోషమే. కానీ నాయనా, ఈ మొదటి ఏడాది ఘనత చాలావరకు నీ పొట్ట కుట్టిన డాక్టరుది. నీ పని ఆ తర్వాత మొదలవుతుంది, ఆకలి మెల్లగా తిరిగొచ్చినప్పుడు.

నాకు బైపాస్ జరిగిన (గుండెకు కాదు, పొట్టను చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే ఆపరేషన్) కొన్ని నెలలకు రాగి సంగటి, కోడి పులుసు ముందు కూర్చున్నాను. మన చిత్తూరు వైపు సంగటిని ఎవరు నములుతారు? పులుసులో అద్ది మింగడమే. చిన్ననాటి అలవాటుకొద్దీ నేనూ మింగాను. అది గుండెల మధ్య రాయిలా కూర్చుంది. అరగంట పెరట్లో అటూ ఇటూ తిరిగి, కక్కేశాక గానీ ప్రాణం కుదుటపడలేదు. ఇప్పుడు ముందు కోడి ముక్కలో, గుడ్డో, పప్పో తింటాను. చోటు మిగిలితే ఉసిరికాయంత సంగటి, అదీ నమిలి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలంటే ఈ వరుస తప్పదు. మంచినీళ్లు భోజనంతో వద్దు, అరగంట ఆగి గుక్క గుక్కగా తాగు.

లడ్డూ సంగతి విను. సగం తింటే నాకు గుండె దడ, చెమటలు, పడుకోవాల్సిందే. బైపాస్ వాళ్లకు తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అలా అవుతుంది. నీది స్లీవ్, అంటే పొట్టలో చాలా భాగం కోసి తీసేసిన ఆపరేషన్ కాబట్టి నీకు ఆ శిక్ష అంతగా పడకపోవచ్చు. నా భయం అదే. తిరుపతిలో ఉంటూ లడ్డూ ఇంటికి రాకుండా ఆపలేం. కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకో, మిగతాది పక్కింటి పిల్లలకు పంచు. పెద్ద ముక్క తింటే పుణ్యం ఎక్కువేమీ రాదు.

అయినా నన్ను దెబ్బతీసింది లడ్డూ కాదు, కారపూస. నోట్లో పిండిలా కరిగి జారిపోతుంది, కడుపు నిండినట్టే ఉండదు. టీవీ ముందు కూర్చుంటే డబ్బా అడుగు కనిపించేది. రెండో ఏట ఆరు కిలోలు తిరిగి పెరిగాను. మనసు గట్టి చేసుకోవడం నా వల్ల కాలేదు, ఆ డబ్బానే ఇంట్లోకి రానివ్వడం మానేశాను.

జుట్టు రాలుతోందని బెంగపడకు, సరిగ్గా తింటే కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది. బి12, ఐరన్, కాల్షియం మాత్రలు మాత్రం జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్ష చేయించుకోవాలి. బాగానే ఉన్నానని ఒక ఏడాది మానేసి అరికాళ్ల తిమ్మిర్లు కొనితెచ్చుకున్నాను.

అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కుతానని మొక్కుకున్నావట. మొక్కు ఎక్కడికీ పోదు. ముందు రోజూ ముప్పావుగంట నడువు. డాక్టరు సరేనంటే వారానికి రెండుసార్లు చిన్న బరువులెత్తు, లేకపోతే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. ఆదివారం ఉదయం ఐదున్నరకు కపిలతీర్థం దగ్గర ఉంటాను, బూట్లు వేసుకుని రా. మీ అమ్మ టిఫిన్ కట్టిస్తానంటే వద్దని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ