పుస్తకాల షాపులో నాన్న గురించి మాట్లాడే ముందు

అమ్మాయీ,

నాన్న పోయాక రాసుకున్న పుస్తకం గురించి నలుగురిలో మాట్లాడబోతున్నావు, అదీ చిన్న పుస్తకాల షాపులో. పెద్ద హాల్లో జనం దూరంగా ఉంటారు కాబట్టి కొంత నయం. ఇక్కడ ముందు వరుసలో వాళ్ల కళ్లల్లో తడి కూడా నీకు కనిపిస్తుంది. అందుకే ఏం చదవాలో, ఎక్కడ ఆపాలో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లు.

కార్యక్రమం గంట అనుకో. చదవడం 12 నిమిషాలు దాటొద్దు, అదీ రెండు ముక్కలుగా. సంభాషణకి 25, జనం ప్రశ్నలకి 15. మిగిలింది ఆలస్యంగా మొదలవడానికే సరిపోతుంది.

నాన్న చనిపోయిన పేజీలు మాత్రం చదవకు. వింటున్నవాళ్లకి ఆయనెవరో ఇంకా తెలీదు. నీ మీద జాలి పడతారు గానీ ఆయన లేని లోటు వాళ్లకి తగలదు. మొదటి ముక్కలో ఆయన బతికే ఉండాలి, ఏదో పని చేస్తూ, ఎవరినో కసురుకుంటూ. ఆయన లేని ఇల్లు రెండో ముక్కలో రానీ. పేర్లు మూడు దాటితే వినేవాళ్లు తికమక పడతారు, కొన్నిటిని తీసేసి ‘అత్త’, ‘పక్కింటాయన’ అని చదువు.

ఆ రెండు ముక్కల్నీ విడిగా ప్రింటు తీసుకో. 16 పాయింట్ల అక్షరాలు, కాగితానికి ఒకవైపే, వాక్యం మధ్యలో పేజీ తిప్పాల్సిన పని లేకుండా. నిలబడి, పైకి, గడియారం పెట్టుకుని చదువు. గొంతు ఎక్కడ పట్టేస్తుందో అప్పుడు తెలుస్తుంది. చాలాసార్లు అది పెద్ద వాక్యం దగ్గర కాదు, కళ్లజోడు పెట్టె దగ్గరో, ఇంకా ఆయన పేరు మీదే వస్తున్న బిల్లు దగ్గరో. అక్కడ పక్కన పెన్సిల్‌తో గీత పెట్టు. సభలో ఆ గీత రాగానే ఆగి, ఊపిరి పూర్తిగా వదిలి, అప్పుడు చదువు.

అయినా ఏడుపు వస్తే రానీ, క్షమించమని మాత్రం అడగకు. అడిగావంటే జనం నిన్ను ఓదార్చే పనిలో పడతారు, నాన్న పక్కకి వెళ్లిపోతాడు. ఓ గుక్క నీళ్లు తాగి ఆ వాక్యాన్ని మొదటి నుంచి ఎత్తుకో. నీతో సంభాషణ నడిపేవాళ్ల దగ్గర కూడా ఒక ప్రతి ఉండాలి, నువ్వు తల ఊపితే వాళ్లు అందుకుంటారు. ఏ విషయాలు అడగకూడదో వాళ్లకి ముందే ఫోన్ చేసి చెప్పు. పుస్తకంలో ఉన్న ఇంటివాళ్లెవరైనా వస్తుంటే ఏ పేజీలు చదవబోతున్నావో వాళ్లకీ తెలియాలి. వాళ్లని గుమ్మం దగ్గర కూర్చోబెట్టు, ముందు వరుసలో వద్దు.

ప్రశ్నల సమయంలో కొందరు ప్రశ్న వెయ్యరు, తమవాళ్లు పోయిన సంగతి చెప్పుకుంటారు. ‘మీ బాధ నాకు తెలుసు’ అనకు, తెలీదు కదా. పోయినవాళ్ల పేరు అడిగి, ఆ పేరు ఒకసారి పలికి, ‘సభ అయ్యాక ఇక్కడే ఉంటాను, మాట్లాడుకుందాం’ అను. అన్నాక నిజంగా ఉండు.

‘ఇప్పుడు మీరు ఏ దశలో ఉన్నారు?’ అని కూడా అడుగుతారు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ఆ ఐదు దశల్ని (నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం) చెప్పింది, తమ చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో మాట్లాడి. మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోవాలని దాని అర్థం కాదు. ఈ మాట ఒక్క ముక్కలో చెప్పి పుస్తకంలోకి వచ్చెయ్. ‘రాశాక బరువు తగ్గిందా?’ అంటే ఏ అధ్యాయం తీసేశావో, ఎందుకు తీసేశావో చెప్పు. నువ్వు అక్కడికి వెళ్తున్నది రచయితగా. నాన్నని కాగితం మీద మనిషిగా ఎలా నిలబెట్టావన్నది నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

సంతకాల దగ్గర ‘మీ పేరు?’ అనకుండా ‘ఎవరి పేరు రాయమంటారు?’ అని అడుగు. పోయినవాళ్ల పేరు చెప్పేవాళ్లు ఉంటారు. చీటీ మీద రాయించుకుని, అక్షరాలు సరిచూసుకుని రాయి. ‘శుభాకాంక్షలతో’ వద్దు, ‘జ్ఞాపకంగా’ చాలు. మిగిలిన కాపీల మీద షాపువాళ్లని అడిగాకే సంతకం పెట్టు. సంతకం పడ్డ కాపీని కొందరు ప్రచురణకర్తలు వెనక్కి తీసుకోరు.

మర్నాడు ఇంకే పనీ ఒప్పుకోకు. అలసట అప్పుడొస్తుంది.

ప్రేమతో,
మీ అక్క